నమ్మకమా, మజానా? రేగడి బాటకు ఏ ఫోర్ బై ఫోర్ తీసుకోవాలి

#1 పొలంబాట (మియాపూర్)

అందరికీ నమస్తే. అవసరం ఇదీ: వారంలో ఐదు రోజులు మియాపూర్ నుంచి రాయదుర్గం, రానూపోనూ 24 కిలోమీటర్లు, అంతా ట్రాఫిక్కే. నెలకు రెండుసార్లు చేవెళ్ల దాటి పొలానికి. తారురోడ్డు దిగాక 3 కిలోమీటర్ల బండ్లబాట. సగం ఎర్రచెలక, సగం నల్లరేగడి, నడుమ ఒక వాగు. వానాకాలంలో నీళ్లు మోకాలి దాకా ఉంటాయి. మనుషులం నలుగురం, రెండు మూడు బస్తాల సామాను.

చూస్తున్నవి: కొత్త మారుతీ జిమ్నీ మాన్యువల్, 2021-22 మహీంద్రా థార్ డీజిల్ సెకండ్ హ్యాండ్, 2012-14 టయోటా ఫార్చ్యూనర్ 3.0 ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ బలం వెళ్లే రకం). మనసు మాత్రం మారుతీ పాత జిప్సీ మీద. ఫార్చ్యూనర్ అంటే నమ్మకం, జిప్సీ అంటే మజా అని ప్రతివాళ్లూ అంటున్నారు. ఈ రెంటినీ ఒకే తక్కెడలో ఎలా తూచాలో చెప్పండి.

#2 కమాన్‌కట్ట (బోయిన్‌పల్లి)

"నమ్మకం" అన్న మాటను ముందు మూడు ముక్కలు చేయండి. ఎన్నాళ్లకోసారి చెడుతుంది? చెడితే ఇంటిదాకా వస్తుందా, ఉన్నచోటే కూర్చుంటుందా? కూర్చుంటే ఎవరు విప్పగలరు, సామాను ఎక్కడ దొరుకుతుంది? అందరూ మొదటిదే లెక్కపెడతారు. సిటీ కారుకు అది చాలు. వాగు దాటే బండికి మిగతా రెండే ముఖ్యం.

జిప్సీనే తీసుకోండి. నాలుగు మూలలా కమాన్లు (లీఫ్ స్ప్రింగులు). కమాన్‌కట్టను ఇరుసుకు బిగించే యూ-బోల్టు వదులైతే, లోపల ఉండే సెంటర్ బోల్టు మీద భారం పడి అది తెగుతుంది. తెగితే ఇరుసు అర అంగుళం వెనక్కి జరుగుతుంది, బండి పీతలా పక్కకు నడుస్తుంది. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ 20 స్పీడులో ఇంటికొస్తుంది. బోల్టు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతుంది, జాకీ, రెండు పానాలు ఉన్న ఏ కమాన్ల మేస్త్రీ అయినా వేస్తాడు. వేశాక 500 కిలోమీటర్లకు యూ-బోల్టులు మళ్లీ బిగించాలి. చాలామంది ఈ ఒక్క పని మరిచి "జిప్సీ కమాన్లు ఆగవు" అంటారు.

ఫార్చ్యూనర్ 3.0 ఇంజన్ (1కేడీ) ఏళ్ల తరబడి చప్పుడు చేయదు. చేసినప్పుడు మాత్రం పని పెద్దది, ఖర్చూ పెద్దదే. ఎన్నాళ్లకోసారి అని అడిగితే అది గెలుస్తుంది. చేవెళ్లలో ఎవరు విప్పుతారు అని అడిగితే జిప్సీ గెలుస్తుంది.

#3 ఇంటికిచేరాలి (కొంపల్లి)

కమాన్‌కట్ట అన్నా, మీ లెక్క షెడ్డులో కూర్చున్నవాళ్లకు బాగుంటుంది. పిల్లలు వెనక సీట్లో, బయట చినుకులు, సాయంత్రం ఆరు. అప్పుడు "సామాను సులువుగా దొరుకుతుంది" అంటే ఏం లాభం? అసలు ఆగని బండే కావాలి. జిప్సీ సివిల్ అమ్మకాలు 2019లో ఆగిపోయాయి. అంటే ఎంత కొత్తది దొరికినా రబ్బరు బుష్‌లు, ఆయిల్ సీళ్లు, వైరింగ్ అన్నీ ఆ వయసువే. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. నలుగురితో రోజూ రాయదుర్గం వెళ్లే బండి కాదది.

#4 కమాన్‌కట్ట (బోయిన్‌పల్లి)

రోజూ వెళ్లడానికి జిప్సీ కొనమని నేను అనలేదు. తూచే రాయి ఏదో చెప్పాను. ఎయిర్‌బ్యాగుల విషయంలో మీ మాటే రైటు.

#5 రేగడిబిడ్డ (శంకర్‌పల్లి)

బండి పేర్లు తర్వాత, ముందు నేల సంగతి చూడుండ్రి. ఎర్రచెలక వాన పడ్డా గంటల నీళ్లు ఇంకుతది, కింద మొరం ఉంటది, టైరుకు పట్టు దొరుకుతది. రేగడి గట్ల కాదు. పైన రెండంగుళాలు సబ్బు, కింద జిగురు. టైరు రెండు చుట్లు తిరిగిందంటే గాళ్లల్ల మన్ను నిండి నున్నగ అయితది. గప్పుడు నాలుగు చక్రాలు తిరిగినా ఒక్కటే, ఒక్క చక్రం తిరిగినా ఒక్కటే. డిఫ్ లాక్ (ఇరుసు మీది రెండు చక్రాలను ఒక్క తీరుగ తిప్పే తాళం) ఉన్నది గదా అని ధీమా వద్దు, నాలుగు టైర్లూ నున్నగైనంక లాక్ ఏం జేస్తది?

రేగడిల పనికొచ్చేవి మూడే. బరువు తక్కువ ఉండాలె. టైరు గాళ్లు వెడల్పుగ ఉండి మన్నును విసిరికొట్టాలె. గాలి దించాలె. తారు మీద 30 ఉంటె బాట దిగంగనే 18-20 పీఎస్ఐకి తెండ్రి. 15 కంటె కిందికి పోవద్దు, టైరు రిమ్ము మీదికెళ్లి ఊడొస్తది. గాలి దించినంక 30 స్పీడు దాటొద్దు. తారు ఎక్కంగనే నింపుకోవాలె, అందుకే 12 ఓల్టుల కంప్రెసర్ బండిలనే ఉండాలె.

దిగబడ్డదనుకో, ఎక్సలేటర్ తొక్కుడు బందు పెట్టాలె. ఇరుసు హౌసింగ్ మన్ను మీద కూసుందంటె ఇగ ట్రాక్టరే గతి. టైరు ముందటి మన్ను తీసి కందికట్టె, పత్తికట్టె అడ్డంగ పరిచి, లో రేంజ్ (వేగం తక్కువ, బలం ఎక్కువ ఇచ్చే గేర్ల వరుస) రెండో గేరుల మెల్లగ కదిలించాలె. మొదటి గేరుల చక్రం ఊరికెనే తిరుగుతది.

జిమ్నీ సుమారు 1,200 కిలోలు. థార్ 1,700 దాటుతది. ఫార్చ్యూనర్ దగ్గర దగ్గర రెండు టన్నులు. మా దిక్కు రేగడిల తేడా గీడనే తెలుస్తది.

#6 ఇంటికిచేరాలి (కొంపల్లి)

బాట దాటాక రిమ్ముల లోపలి వైపు కడుక్కోవాలి, ఇది కూడా చేర్చండి. రేగడి అక్కడ ఆరితే సిమెంటే. మర్నాడు 80 స్పీడులో స్టీరింగ్ వణికితే జనం అలైన్‌మెంట్‌కు పరుగెత్తుతారు. అరకిలో మన్ను ఒక పక్కన అతుక్కుని ఉంటుంది, అంతే.

#7 లో_రేంజ్ (అల్వాల్)

పొలంబాట గారూ, ఫార్చ్యూనర్ 3.0 చూసేటప్పుడు అడగాల్సినవి చెప్తాను. మైలేజీ, పెయింటు తర్వాత చూడొచ్చు.

1కేడీలో తెలిసిన జబ్బు ఒకటుంది. ఇంజెక్టరు కింద రాగి వాషరు ఉంటుంది. అది కాలక్రమంలో లీకైతే మంట వాయువు, మసి ఇంజన్ లోపలికే వెళ్తాయి, ఎందుకంటే ఇంజెక్టర్లు ట్యాపెట్ కవరు కింద ఉంటాయి. బయటికి మరక కనబడదు. మసి ఆయిల్లో కలిసి ముద్దై, అడుగున ఆయిల్ పీల్చుకునే జాలీని మూస్తుంది. ప్రెషర్ పడిపోతుంది. ఆ తర్వాత టర్బో, బేరింగులు. పది రూపాయల జబ్బు పది వేల రెట్లు కావడం అంటే ఇదే.

కొనేముందు: పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఐడిల్‌లో ఆయిల్ మూత తీసి చూడండి. సన్నగా ఆవిరి వస్తే ఫర్వాలేదు. బుస్సుబుస్సుమని తన్నుతుంటే అనుమానించండి. స్కానర్ పెట్టి నాలుగు ఇంజెక్టర్ల ఫీడ్‌బ్యాక్ చూడండి, ఒకటి మిగతావాటికి దూరంగా ఉండకూడదు. బేరం నిజంగా ముదిరితే కింది సంపు విప్పించి జాలీని కళ్లతో చూడండి. విప్పనివ్వనని అమ్మేవాడు మొండికేస్తే అదే జవాబు.

ఇది టైమింగ్ బెల్టు ఇంజన్. కొత్త 2.8కి చైన్ ఉంటుంది, దీనికి లేదు. మార్చిన బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. బెల్టు, ఐడ్లరు, టెన్షనరు మూడూ కలిపి వేయించాలి. డాష్‌బోర్డులో బెల్టు లైటును ఎవరైనా రీసెట్ చేయొచ్చు, దాన్ని నమ్మకండి.

మంచి సంగతి కూడా ఒకటి. ఆ తరం ఫార్చ్యూనర్‌కు ఎప్పుడూ నాలుగు చక్రాలకూ పవర్ వెళ్తుంది, మధ్యలో సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక ఇరుసులను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే పళ్ల పెట్టె) ఉంటుంది. వానలో ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద లివర్ గొడవ లేదు. 2016 తర్వాతి ఫార్చ్యూనర్, జిమ్నీ, థార్, ఫోర్స్ గూర్ఖా అన్నీ పార్ట్ టైమ్ రకం, అవసరమైనప్పుడే నాలుగు చక్రాలనూ కలుపుకోవాలి. వాటిని పొడి తారు మీద ఫోర్‌హెచ్‌లో (నాలుగు చక్రాలు, మామూలు గేర్లు) నడిపితే మలుపులో ముందు, వెనక షాఫ్టులు వేర్వేరు వేగాల్లో తిరగాలని చూసి బిగుసుకుంటాయి. లివర్ వెనక్కి రాదు. బలంగా లాగకుండా నాలుగు గజాలు రివర్స్ వెళ్తే వదులుతుంది.

#8 పొలంబాట (మియాపూర్)

ధన్యవాదాలు లో_రేంజ్ గారూ. రోజువారీ 24 కిలోమీటర్లే కదా, థార్ డీజిల్ దానికి సరిపోతుందా? డీపీఎఫ్ అని ఏదో భయపెడుతున్నారు.

#9 సగంక్లచ్ (నిజాంపేట్)

భయం కాదు, లెక్క. బీఎస్-6 డీజిల్ పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది, డీపీఎఫ్ అంటే అదే. అది నిండితే బండి తనంతట తాను డీజిల్ ఎక్కువ పోసి, వేడి పెంచి మసిని కాలుస్తుంది. దానికి ఆగకుండా 15-20 నిమిషాలు 60కి పైన, ఇంజన్ 2,000 ఆర్‌పీఎం దగ్గర నడవాలి. మియాపూర్ నుంచి రాయదుర్గం పొద్దున తొమ్మిదింటికి అది కుదరదు. కాల్చడం మొదలై సగంలో మీరు తాళం తీస్తే, పోసిన డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్లోకి దిగుతుంది.

గుర్తు: డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. ఇంజన్ ఆయిల్ పెరిగిందని సంతోషపడేవాళ్లూ ఉన్నారు! మ్యాక్స్ గీత దాటితే ఆయిల్ మార్చాల్సిందే, కొంచెం తీసేస్తే సరిపోదు. పలచబడ్డ ఆయిల్ టర్బోకు విషం.

మందు సులువు. వారానికోసారి ఓఆర్ఆర్ ఎక్కి అరగంట ఒకే వేగంతో నడపండి. మీకు పొలం ప్రయాణం ఎలాగూ ఉంది, కానీ నెలకు రెండుసార్లు చాలదు. ఇది కుదరదంటే పెట్రోలే. ఇక్కడ ఏ కంపెనీ నమ్మకమైనదన్న ప్రశ్నే లేదు. ఏ డీజిలైనా ఈ వాడకంలో ఇంతే.

థార్ 2020 ఆఖరిది కంటపడితే చాసిస్ నంబరుతో సర్వీస్ సెంటర్లో అడగండి. 2020 సెప్టెంబరు 7 నుంచి డిసెంబరు 25 మధ్య తయారైన 1,577 డీజిల్ థార్‌లను క్యామ్‌షాఫ్ట్ మార్చడానికి 2021 ఫిబ్రవరిలో వెనక్కి పిలిచారు. పని అయిందో లేదో రికార్డులో ఉంటుంది.

#10 గోల్కొండగేర్ (టోలీచౌకి)

భాయ్, ఎవరూ గూర్ఖా పేరెత్తరేంటి? ముందూ వెనకా రెండు డిఫ్ లాకులు కంపెనీ నుంచే, స్నార్కెల్ కంపెనీ నుంచే, 700 మిల్లీమీటర్ల నీళ్లలో దిగుతుంది. 2024 మోడల్‌కు 140 పీఎస్, 320 న్యూటన్ మీటర్లు. క్యారెక్టర్ అంటే అదీ.

#11 లో_రేంజ్ (అల్వాల్)

బండి గట్టిదే, మెర్సిడెస్ మూలమున్న 2.6 లీటర్ల ఇంజన్. కానీ లాకులు వాడటం తెలియాలి. ఆగి ఉన్నప్పుడు, లేదా నడక వేగంలో చక్రాలు తిరిగిపోకుండా ఉన్నప్పుడు వేయాలి. చక్రం గిర్రున తిరుగుతుండగా లివర్ లాగితే పళ్లు రాలతాయి. ముందు లాక్ వేసి స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఎక్సలేటర్ ఇస్తే సీవీ జాయింట్ (తిరిగే చక్రానికి బలం అందించే కీలు) మీదికొస్తుంది. ముందుది ఆఖరి అస్త్రం, దాటగానే తీసేయాలి.

పొలంబాట గారి 3 కిలోమీటర్లకు అంత ఆయుధం అక్కర్లేదని నా అభిప్రాయం. షంషాబాద్ వైపు, షామీర్‌పేట వైపు గ్రానైటు గుండ్లు ఎక్కేవాళ్లకు లాకు కావాలి, అక్కడ ఒక చక్రం గాల్లో లేస్తుంది. రేగడి సంగతి #5లో రేగడిబిడ్డ చెప్పనే చెప్పాడు.

#12 గోల్కొండగేర్ (టోలీచౌకి)

సరే, గుండ్లు లేవు కాబట్టి గూర్ఖా వద్దు. మరి మజా సంగతి? ఇక్కడ అందరూ ఆయిల్ సీళ్ల గురించే మాట్లాడుతున్నారు.

#13 కమాన్‌కట్ట (బోయిన్‌పల్లి)

మజా కూడా సామాను లెక్కే భాయ్. లివర్‌ను ఫోర్‌ఎల్‌లోకి (నాలుగు చక్రాలు, లో రేంజ్) తోస్తే పళ్లు కలిసిన దెబ్బ అరచేతికి తెలుస్తుంది. కలవకపోతే అదీ తెలుస్తుంది. స్విచ్ తిప్పే బండిలో మోటారు తిప్పుతుంది, లైటు మినుకుమంటుంది. ఆ లైటు ఆగకపోతే మోటారు పోయిందా, సెన్సార్ పోయిందా, గొట్టంలో నీళ్లు చేరాయా, స్కానర్ వచ్చేదాకా తెలియదు. చేతికి తెలిసే బండినే మనం క్యారెక్టర్ ఉన్న బండి అంటాం. అది తన జబ్బును ముందే చెప్పుకుంటుంది కూడా. మజాకూ నమ్మకానికీ చుట్టరికం అక్కడుంది.

ఒకటి మాత్రం ఒప్పుకోను. స్టీరింగ్‌లో రెండంగుళాల ప్లే, బ్రేకు ఒక పక్కకు లాగడం, మూడో గేరు ఊడిపోవడం, ఇవి క్యారెక్టర్ కాదు. అరుగుదల. పాత మహీంద్రా ఎంఎం540 జీపులు అమ్మేవాళ్లు "జీపంటే అంతే సార్" అని చెప్పి ఇదంతా అంటగడతారు. అంతే కాదు. కింగ్‌పిన్, బాల్‌జాయింట్, స్టీరింగ్ బాక్సు సరిచేస్తే ఆ జీపులు కూడా తిన్నగా నడుస్తాయి.

#14 ఇంటికిచేరాలి (కొంపల్లి)

ఈ మాటకు మాత్రం చేతులెత్తి మొక్కుతా.

#15 సగంక్లచ్ (నిజాంపేట్)

జిమ్నీలో కూడా లివరే. కానీ చిన్న కిటుకుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక ఇరుసులకు బలం పంచే పెట్టె) లివరుతో కలుస్తుంది, ముందు చక్రాల హబ్బులు మాత్రం వాక్యూమ్‌తో లాక్ అవుతాయి. హబ్బు దాకా వచ్చే సన్న రబ్బరు గొట్టం ముల్లుకో, కర్రకో తెగితే లివర్ ఫోర్‌హెచ్‌లో ఉన్నా ముందు చక్రాలకు బలం రాదు. డాష్‌బోర్డులో గుర్తు మెరుస్తూనే ఉంటుంది. వానాకాలానికి ముందు ఆ గొట్టాలను వేళ్లతో తడిమి చూసుకోవాలి. చీలికుంటే కొత్తది వేసి క్లిప్పు బిగించాలి.

ముందు ఇరుసు మొత్తం ఒకే కడ్డీ కాబట్టి వణుకు జబ్బు కూడా వస్తుంది. 70-90 మధ్య గుంత తగిలితే స్టీరింగ్ గడగడా ఊగి, వేగం తగ్గిస్తేనే ఆగుతుంది. చూడాల్సిన వరుస ఇదీ: మొదట టైర్ల గాలి, బ్యాలెన్సు, #6లో చెప్పిన మన్ను. తర్వాత పాన్‌హార్డ్ రాడ్ (ఇరుసు పక్కకు జరగకుండా పట్టే కడ్డీ) బుష్‌లు: ఒకరు స్టీరింగ్ అటూఇటూ ఆడిస్తుంటే ఇంకొకరు కింద పడుకుని రాడ్ చివర చూడాలి, బోల్టు బుష్‌లో కదిలితే అదే దొంగ. తర్వాత వీల్ బేరింగు. ఆఖరున కింగ్‌పిన్ బేరింగులు. టై రాడ్ విప్పి, నకిల్ చివర వేలాడే కాటా కట్టి లాగాలి. ఎంత బరువుకు కదలాలో వర్క్‌షాప్ పుస్తకంలో ఉంటుంది. ఊరికే కదిలితే షిమ్ములు తగ్గించి బిగించాలి, లేదా బేరింగులే మార్చాలి.

కొత్త స్టీరింగ్ డ్యాంపర్ ఒక్కటి వేసి పంపేస్తారు కొందరు. వణుకు ఆరు నెలలు దాక్కుంటుంది. అరుగుదల మాత్రం ఆగదు.

#16 గోల్కొండగేర్ (టోలీచౌకి)

జిమ్నీకి 235/75 ఆర్15 వేస్తే ఎలా ఉంటుంది? కళ వస్తుంది.

#17 సగంక్లచ్ (నిజాంపేట్)

లెక్కేద్దాం. కంపెనీ టైరు 195/80 ఆర్15, వ్యాసం 693 మిల్లీమీటర్లు. 215/75 ఆర్15 వేస్తే 703 పైచిలుకు, తేడా 1.5 శాతం, బండికి తెలియదు. 235/75 వేస్తే 733, అంటే దాదాపు 6 శాతం పెద్దది. మీటరు 80 చూపిస్తే అసలు వేగం 84 దాటుతుంది. ప్రతి గేరూ 6 శాతం బరువెక్కుతుంది. 134 న్యూటన్ మీటర్ల ఇంజన్‌కు అది నలుగురితో మెట్ట ఎక్కేటప్పుడు తెలుస్తుంది. లాభం? ఇరుసు కింద 20 మిల్లీమీటర్లు. దానికోసం లివర్ ఎక్కువసార్లు కదపాలి, క్లచ్ ఎక్కువ కాలుతుంది, బ్రేకుకు దూరం పెరుగుతుంది.

#18 ఇంటికిచేరాలి (కొంపల్లి)

చట్టం సంగతి కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన కొలతలకు భిన్నంగా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ముందు తగిలించే ఇనుప క్రాష్ గార్డులను 2017 డిసెంబరులోనే కేంద్రం నిషేధించింది. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ సర్వేయరు మొదట చూసేవి ఇవే. థార్‌ను రెండంగుళాలకు మించి లేపేవాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి. ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ కాబట్టి సీవీ జాయింట్ కోణం పెరుగుతుంది, రబ్బరు బూటు మడతల దగ్గర పగులుతుంది, రేగడి లోపలికెళ్లి గ్రీజును ఇసుక కాగితంలా చేస్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదిలిస్తే టకటకమంటుంది. అప్పటికి ఆలస్యమే.

#19 రేగడిబిడ్డ (శంకర్‌పల్లి)

వికారాబాద్ అనంతగిరి అడవిల బాట వదిలి చెట్లల్లకు తోలుడు కూడ బందు పెట్టుండ్రి. రిజర్వు ఫారెస్టు అది. రెండు చక్రాల జాడల నడుమ గడ్డి పోయిందంటె ఏండ్లు పడ్తది మళ్ల రానీకి.

#20 లో_రేంజ్ (అల్వాల్)

సెకండ్ హ్యాండ్ ఏది చూసినా హైదరాబాద్‌లో ఒక పరీక్ష తప్పనిసరి: మునిగిన బండా కాదా? 2020 అక్టోబరు వరదల్లో సెల్లార్లలో నీట మునిగిన బండ్లు ఎన్నో. పైన పాలిష్ చేస్తే కనబడదు.

ముందు సీటు బెల్టును ఆఖరి అంగుళం దాకా బయటికి లాగండి. మునిగిన బండి బెల్టు అడుగున మట్టిరంగు గీత ఉంటుంది, ఎంత ఉతికినా పోదు. సీటు పట్టాల కింద టార్చి వేయండి, బోల్టు తలలు తుప్పు పట్టి ఉంటే అడగండి. డ్రైవరు కాలి దగ్గర కార్పెట్ మూల ఎత్తి, కింది స్పాంజిని వేళ్లతో నొక్కండి. సన్నని ఒండ్రు గోళ్లకు అంటుతుంది. ఫ్యూజు బాక్సు కనెక్టరు ఒకటి పీకి చూడండి, పిన్నులు పచ్చబారితే ఆ బండిలో కరెంటు జబ్బు ఎప్పుడు ఎక్కడ లేస్తుందో దేవుడికే తెలియాలి. ఎంత నమ్మకమైన కంపెనీదైనా ఆ బండి ఇక నమ్మకం కాదు.

తర్వాత ఫోర్ బై ఫోర్ పరీక్ష. తారు మీద కాదు, మొరం నేల మీద. ఫోర్‌ఎల్ వేసి, మొదటి గేరులో ఎనిమిది ఆకారంలో తిప్పండి. లివర్ ఒక్క తోపుకు పడాలి, తనంతట ఊడకూడదు. ఎక్సలేటర్ ఇచ్చి వదిలినప్పుడు కింద ఒక "ఠంగ్" వస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ అరిగింది, అది చిన్న పనే. కూత వస్తే డిఫరెన్షియల్ పళ్లు, అది పెద్ద పని. అమ్మేవాడు "ఫోర్ బై ఫోర్ ఎప్పుడూ వాడలేదు సార్" అంటే మురిసిపోకండి. ఏళ్లుగా కదలని లివరే ఎక్కువ బిగుసుకుంటుంది.

#21 పొలంబాట (మియాపూర్)

ఇంతవరకు చదివాక నా లెక్క: ఫార్చ్యూనర్ రేగడిలో బరువు, పైగా బెల్టు, ఇంజెక్టర్ల ఖర్చు. థార్ డీజిల్ నా రోజువారీ దూరానికి సరిపడదు. థార్ పెట్రోల్ ఒకటి చూడొచ్చు గానీ మూడు డోర్లే, వెనక్కి ఎక్కడం అమ్మకు కష్టం. జిప్సీని గుండెలో పెట్టుకుని జిమ్నీ వైపు మొగ్గుతున్నాను. అందులో నలుగురికే సీట్లు, మేమూ నలుగురమే. బస్తాల సంగతే ఆలోచించాలి.

#22 కమాన్‌కట్ట (బోయిన్‌పల్లి)

బస్తాలు క్యారియర్ మీద వేయకండి. ఆ బండి ఎత్తుకు వెడల్పు తక్కువ, పైన బరువు పెడితే పక్కవాలులో ఒరుగుతుంది. నలుగురు ఎక్కాక వెనక చోటు చాలా కొంచెం. ఒక బస్తా లోపల, మిగతాది ఊళ్లో ట్రాక్టరు మీద.

నిర్ణయం తప్పు కాదు. ముందూ వెనకా గట్టి ఇరుసులు, లివరు, లో రేంజ్ ఉన్నాయి. జిప్సీ రక్తమే. సర్వీసు సెంటరు మియాపూర్ చుట్టూ ఎటు తిరిగినా దొరుకుతుంది. ఓఆర్ఆర్ మీద నలుగురితో మాత్రం దాన్నుంచి పరుగు ఆశించకండి.

#23 పొలంబాట (మియాపూర్)

ఆఖరి ప్రశ్న. వాగు దాటాక ప్రతిసారీ ఏం చూసుకోవాలి? లోతు ఎక్కువైతే ఏమవుతుంది?

#24 రేగడిబిడ్డ (శంకర్‌పల్లి)

దాటే ముందుగాల కట్టె పట్కొని మనిషి నడ్వాలె. మోకాలు దాటితె, లేకపోతె మనిషి కాలు నిలవకపోతె, బండి దింపుడు వద్దు. పారే నీళ్లకు లోతు తక్కువున్నా బలం మస్తుంటది. తేలికబండి రేగడిల మంచిది గాని వాగుల గదే దాని లోపం.

#25 లో_రేంజ్ (అల్వాల్)

దాటేటప్పుడు ఫోర్‌ఎల్, రెండో గేరు, ఒకే వేగం. ముందు ఒక అల లేచి బండితోపాటు సాగాలి. నడుమ గేరు మార్చవద్దు, క్లచ్ తొక్కితే నీళ్లు ప్లేట్ల మధ్యకు దూరతాయి. ఇంజన్ నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. సిలిండర్లోకి నీళ్లు వెళ్లి ఉంటే నీరు నొక్కుకుపోదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. బయటికి లాగించి, ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో చూసి, తడిసి ఉంటే స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఆ తర్వాతే తిప్పాలి.

దాటాక బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనించి వంద గజాలు నడపండి, డ్రమ్ములు ఆరతాయి. వెనక డ్రమ్ముల్లో రేగడి నీళ్లు చేరితే ఆరాక గరగరమంటుంది, విప్పి బ్రష్‌తో దులిపించాలి. రేడియేటర్ ముందు జాలీలో మన్ను ఉంటే ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్ నీళ్లతో కడగాలి. ముందు నుంచి ఎక్కువ ప్రెషర్‌తో కొడితే రెక్కలు వంగుతాయి, మన్ను ఇంకా లోపలికి పోతుంది.

అసలు జాగ్రత్త ఇరుసుల దగ్గర. నడిచి నడిచి హౌసింగ్ వేడెక్కి ఉంటుంది. చల్లని నీళ్లు తగలగానే లోపలి గాలి ముడుచుకుని బయటి నుంచి పీల్చుకుంటుంది. పైన బ్రీదర్ (గాలి ఆడే సన్న దారి) తెరిచి ఉంటే గాలి పీలుస్తుంది. మన్నుతో మూసుకుపోతే ఆయిల్ సీలు పక్కనుంచి నీళ్లు పీలుస్తుంది. అందుకని దాటే ముందు ఐదు నిమిషాలు ఆపి చల్లారనివ్వండి. బ్రీదర్లను వానాకాలానికి ముందు విప్పి ఊది చూడండి.

నీళ్లు చేరాయో లేదో తెలియాలంటే బండిని రాత్రంతా నిలిపి, పొద్దున కదపకముందే డ్రెయిన్ ప్లగ్గును కొంచెం వదులు చేయండి. నీరు బరువు కాబట్టి అడుగుకు దిగి ఉంటుంది, ముందు అదే కారుతుంది. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో వస్తే ఇక ఆలోచన లేదు, అంతా తీసి, కొత్తది పోసి, 50 కిలోమీటర్లు నడిపి మళ్లీ మార్చాలి. ప్లగ్గు అయస్కాంతం మీద బూడిద ముద్ద ఉంటే మామూలే, గోరంత పలుకు కనబడితే డిఫరెన్షియల్ విప్పాలి. ఆయిల్ ఎన్ని లీటర్లని అడగక్కర్లేదు. బండి మట్టంగా నిలిపి, పుస్తకంలో చెప్పిన గ్రేడు పోస్తూ ఉంటే ఫిల్ ప్లగ్గు అంచు నుంచి తిరిగి కారుతుంది, అప్పుడు చాలు.

#26 కమాన్‌కట్ట (బోయిన్‌పల్లి)

లో_రేంజ్ చెప్పినదానికి ఒక్క మాట కలుపుతా. మార్చేటప్పుడు ఏ ఇరుసుకైనా ముందు పైనున్న ఫిల్ ప్లగ్గు విప్పండి, అది వచ్చాకే కింది డ్రెయిన్ ప్లగ్గు ముట్టుకోండి. తుప్పు పట్టి పైది రాకపోతే, ఖాళీ హౌసింగ్‌తో బండి షెడ్డులోనే ఉండిపోతుంది.

#27 పొలంబాట (మియాపూర్)

రాసుకున్నాను అన్నా. శనివారం టెస్ట్ డ్రైవ్ ఉంది. తారు మీదే ఇస్తారట. పొలానికి తీసుకెళ్తానంటే ఒప్పుకుంటారా?

#28 రేగడిబిడ్డ (శంకర్‌పల్లి)

వాళ్లు ఒప్పుకోరు గాని, మోకిల దాటినంక రోడ్డు పక్కపొంటి మొరం దిక్కు జర దింపుమని అడుగు. ఫోర్‌ఎల్ ఒక్కసారన్న నీ చేతితోనే ఏసి చూడు.